తిరగలి ఆపిన రోజు

ముప్పై ఎనిమిదో రోజు

డాక్టర్ సుభద్ర గారు ఈ పుస్తకం నా చేతిలో పెట్టి, చూసింది చూసినట్టు రోజూ రాయమన్నారు. రోజుల లెక్క ఆవిడ తొట్టెలో పెంచుతున్న గుండెది. దానికి ఈ రోజుతో ముప్పై ఎనిమిది రోజులు. నాకు నలభై తొమ్మిదేళ్ళు. పేరు సన్యాసమ్మ. ఎర్రమెట్ట ఊళ్ళో ఇరవై ఆరేళ్ళుగా తిరగళ్ళు బాగుచేస్తున్నాను.

పొద్దున్న వీధి పని మామూలుగానే సాగింది. పద్నాలుగు ఇళ్ళు. గుమ్మంలో కూర్చున్న మనిషి చొక్కా అంచు ఎత్తి పట్టుకుంటే నేను పక్కటెముకల కింద మీటరు ఆనించి అంకె చదువుతాను. ఎడమ తిరగలికి ఐదు వాట్లు, కుడిదానికి మూడు ఉంటే క్షేమం. బ్యాటరీ తీగ చర్మంలోకి వెళ్ళే చోట చీము పట్టిందేమో చూస్తాను. ఆఖరున ఛాతీకి చెవి ఆనిస్తాను. లోపల ఎడతెగకుండా సన్నటి రొద, ఎక్కడో పిండి విసురుతున్నట్టు. ఆ పేరు మా పెద్దవాళ్ళు అందుకే పెట్టారు. ఎర్రజ్వరం ఈ తీరానికి వచ్చిన నాటినుంచీ పుట్టిన బిడ్డ గుండె నెల తిరక్కుండా మెత్తబడిపోతుంది. ఆ చోట రెండు తిరగళ్ళు పెడతారు. ఒకటి ఊపిరితిత్తులకు రక్తం తోస్తుంది, ఇంకొకటి ఒంటికి తోస్తుంది. వయసు పెరిగేకొద్దీ పెద్దవి మారుస్తారు. నాలోనూ అవే తిరుగుతున్నాయి. గుండె అన్నది మాకు మాటల్లోనే మిగిలింది. గుండె నిబ్బరం అంటాం, గుండె మంట అంటాం, అంతే.

పదిహేనో ఇల్లు మాదే. నా చెల్లెలు అచ్చియ్యమ్మ రేవులో పడవ నడుపుతుంది. వాకిట్లో కూర్చుని తెడ్డుకు కొత్త తాడు చుట్టుకుంటూ మీటరు వైపు చూడకుండానే అడిగింది.

"ఎంతప్పా?"

"ఐదే."

"అబద్దం. నీ కనుబొమ్మ లేసింది."

ఏడు పాయింట్ ఒకటి ఉంది. వాట్లు పెరిగాయంటే తిరగలి ఏదో అడ్డాన్ని రుద్దుకుంటూ తిరుగుతోందని అర్థం. లోపల రక్తం గడ్డ కడుతోంది. ఇది దానికి మూడో తిరగలి. పెద్దయ్యాక పెట్టిన మొదటిది పదకొండేళ్ళు వచ్చింది, రెండోది నాలుగేళ్ళు. ఇది పెట్టి తొమ్మిది నెలలే. చెల్లెలి రక్తానికి లోహం పడదు. నాలుగోది పెడితే నెల రోజులు కూడా రాదని సుభద్ర గారు నిరుడే చెప్పారు.

మధ్యాహ్నం ఆవిడే కబురు పెట్టి ఆసుపత్రి వెనక గదికి పిలిచారు. గాజు తొట్టెలో, గోరువెచ్చని నీళ్ళలో, పిడికిలంత మాంసం ముద్ద వేలాడుతోంది. లేత గులాబీ రంగు.

"మీ చెల్లెలి చర్మం చిటికెడు తీసుకుని పెంచాను. ఎర్రజ్వరం అంటకుండా కణాల్లో మార్పు చేశాను. ఇది నాలుగో ప్రయత్నం. మొదటి మూడూ పారేశాను," అన్నారు. "పెంచడం నాకు వచ్చింది, సన్యాసమ్మా. పని నేర్పడం రాదు. గొట్టాలు, ఒత్తిడి, ప్రవాహం ఇవన్నీ నీ విద్యలు."

నేను ఆ ముద్దనే చూస్తూ ఉండిపోయాను. ఎక్కడా స్క్రూ లేదు. అతుకు లేదు. ఎక్కణ్నించి విప్పాలో తెలియని యంత్రాన్ని చూడటం నాకు ఇదే మొదటిసారి.

ముప్పై తొమ్మిదో రోజు

ముందు దారి నేర్చుకోవాలి. సుభద్ర గారు గుండె లోపలి బొమ్మను తెర మీద వేసి, సన్నటి గాజుపుల్లతో చూపించారు.

లోపల నాలుగు గదులు. పైన రెండు చిన్నవి, కర్ణికలు. కింద రెండు పెద్దవి, జఠరికలు. తలనుంచీ కాళ్ళనుంచీ వాడిపోయిన నల్లెరుపు రక్తం రెండు పెద్ద సిరల్లో వచ్చి కుడి పైగదిలో పడుతుంది. మూడు రెక్కల తలుపు తోసుకుని కింది గదిలోకి దిగుతుంది. కింది గది పిండితే ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ గాలి తాగి, ఎర్రగా మారి, నాలుగు గొట్టాల్లో ఎడమ పైగదికి తిరిగొస్తుంది. మళ్ళీ ఒక తలుపు, దీనికి రెండే రెక్కలు. తర్వాత ఎడమ కింది గది, అక్కణ్నించి మహాధమనిలోకి, ఒళ్ళంతా.

"ఊపిరితిత్తులకు పోయే ధమనిలో నల్ల రక్తం, అక్కణ్నించి వచ్చే సిరల్లో ఎర్ర రక్తం. తారుమారు చెయ్యకు," అన్నారు. నిజానికి నేను అప్పటికే నా కాగితం మీద తారుమారుగా రాసుకున్నాను.

కింది గదుల మధ్య గోడ మీద వేలు పెట్టి చూశాను.

"ఈ గదిలోంచి ఆ గదిలోకి వేలెడు దూరం కూడా లేదు కదమ్మా?"

"లేదు. కానీ గోడలో దారి లేదు. ఊపిరితిత్తులు మొత్తం చుట్టి రావలసిందే."

"ఎంతసేపు పడుతుంది?"

"ఐదారు సెకన్లు."

ఎడమ గోడ కుడిదానికి మూడింతలు మందంగా ఉంది. పెంచడంలో లోపమేమో అనుకుని, ఎలా అడగాలా అని నసుగుతూ అడిగాను. ఆవిడ నవ్వారు. "కుడిది పక్కింటికి వెళ్ళొస్తే చాలు. ఎడమది మాడు దాకా, కాలి బొటనవేలి దాకా తోయాలి. ఎవరి పనికి తగ్గ కండ వాళ్ళకు."

రెండు తిరగళ్ళను పక్కపక్కన పెట్టి, గొట్టాలు తగిలించి, నట్లు బిగించి చేసే పని నాది. ఇక్కడ ఆ రెండూ ఒకే ముద్దలో, ఒకే గోడ పంచుకుని ఉన్నాయి. సాయంత్రం దాకా కాగితం మీద గీసి కొట్టేస్తూనే ఉన్నాను.

నలభై మూడో రోజు

తొట్టె పక్కన గొట్టాల చట్రం పూర్తయింది. ఒంట్లో ఉన్నట్టే ఒక పక్క ఊపిరితిత్తుల బదులు గాలి డబ్బా, ఇంకో పక్క ఒంటి బదులు పైకెత్తిన తొట్టి. గొట్టాలను గుండెకు కలిపి, దాతలిచ్చిన రక్తం పోశాం. గుండెను మొదలుపెట్టడానికి విద్యుత్ తీగ కావాలి కదా అని నేను బల్ల మీద ఆ తీగకు టంకం పెడుతున్నాను. రక్తం ముప్పై ఏడు డిగ్రీలకు వేడెక్కింది.

"సన్యాసమ్మా," అన్నారు సుభద్ర గారు.

తలెత్తాను. తీగ ఇంకా నా చేతిలోనే ఉంది. తొట్టెలో గుండె కుడి పైమూల, పెద్ద సిర వచ్చి కలిసే చోట, చిన్నగా అదిరింది. ఆ అదురు పైగదుల మీదుగా పాకింది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత కింది గదులు రెండూ అడుగునుంచి పైకి, తడిగుడ్డను మెలితిప్పి పిండినట్టు పిండుకున్నాయి. గొట్టంలో రక్తం ఎగిరిపడింది. మళ్ళీ. మళ్ళీ.

"ఎవులేశారమ్మా స్విచ్చి?" అని అరిచాను.

"ఎవరూ వెయ్యలేదు. ఆ మూలన గోధుమగింజ కన్నా కాస్త పెద్ద చోటు ఒకటుంది. అదే మొదలుపెడుతుంది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు."

"మరి మధ్యలో ఆ ఆగడం?"

"పైగదులు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కిందివి ఆగుతాయి. సెకనులో పదోవంతు."

చెవి ఆనిస్తే రెండు చప్పుళ్ళు వినిపించాయి. మొదటిది మొద్దుగా, రెండోది కాస్త పదునుగా. కండ చేసే చప్పుడు కాదట అది, తలుపులు మూసుకునే చప్పుడు. ముందు పైగదుల కింది తలుపులు, తర్వాత ధమనుల తలుపులు. నిమిషానికి తొంభై నాలుగు. ఇద్దరం పక్కపక్కన నిలబడి మధ్యాహ్నం భోజనం సంగతి మర్చిపోయాం. టంకం కర్ర బల్లను కాల్చింది.

నలభై ఐదో రోజు

అచ్చియ్యమ్మను తీసుకొచ్చాను. ఏడు పాయింట్ ఎనిమిది వాట్లు. నడిస్తే ఆయాసం, అయినా దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. గదిలోకి వచ్చి తొట్టె ముందు నిలబడింది.

"ఇంత సిన్నదేటప్పా?" అంది.

"నీ పిడికిలంత. ఎవరి పిడికిలంత వాళ్ళకట."

పిడికిలి బిగించి గాజుకు ఆనించి పోల్చుకుంది. తర్వాత పిడికిలి విప్పి, బిగించి, దాంతోపాటే చెయ్యసాగింది. నలభైసార్లకు చెయ్యి నొప్పెట్టింది.

"ఒలమ్మా, ఇది అలిసిపోదేటి? కూకోదా?"

చెల్లెలు గాజు మీద చెయ్యి అలాగే ఉంచి, దానితోనే అన్నట్టు మెల్లగా అంది. "నాకోసరం ఇంత కట్టపడతన్నావా? నాను నీకేటీ సెయ్యలేదే."



నలభై ఎనిమిదో రోజు

ఈ రోజు చూసింది రాయకపోతే నేను మరమ్మతుదారును కాను.

తిరగళ్ళ పనిలో నాకు బాగా కష్టమైనది తూకం. కుడి తిరగలి ఎడమదానికన్నా చెంచాడు ఎక్కువ తోసినా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. తక్కువ తోస్తే ఎడమది ఉత్తినే తిరుగుతుంది. అందుకే రెండింటి మధ్యా ఒక తూనికపెట్టె పెడతాం, అది చెడితే మనిషి పోతాడు. ఇక్కడా అలాంటిదే తయారుచేసి తెచ్చాను. తగిలించే ముందు తూకం ఎంత తేడాగా ఉందో చూద్దామని కుడి పైగదిలోకి కావాలనే ఎక్కువ రక్తం వదిలాను.

కుడి కింది గది సాగింది. ఎక్కువ సాగినందుకు ఎక్కువ గట్టిగా పిండింది. అంతా తోసేసింది. నాలుగైదు దెబ్బల్లో ఎడమదానికీ ఎక్కువ వచ్చింది. అదీ అంతే సాగి అంతే పిండింది. తగ్గించి చూశాను. రెండూ తగ్గించుకున్నాయి. వచ్చినంత పంపించడమే దాని లెక్క. తూకం చూసే పెట్టె లేదు, ఆజ్ఞ ఇచ్చేవాళ్ళు లేరు. కండే చూసుకుంటోంది.

నా తూనికపెట్టెను సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను.

నలభై తొమ్మిదో రోజు

చెల్లెలికి ఎనిమిదిన్నర వాట్లు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోంది. గడ్డకు రాసుకుని రక్తకణాలు చితికిపోతున్నాయన్న మాట.

గుండెను కనీసం అరవై ఐదో రోజు దాకా పెంచాలని సుభద్ర గారి అంచనా. అంత వ్యవధి లేదు. త్వరగా బలం రావాలంటే ఎక్కువ పని చేయించాలి. ఒంటి బదులు పెట్టిన తొట్టిని మూరెడు పైకెత్తాను. ఆ రోజు టంకం పెట్టిన తీగ తగిలించి వేగం నిమిషానికి నూట యాభైకి పెంచాను. సుభద్ర గారు "మరీ ఎక్కువ కాదా?" అన్నారు. "తిరగలి ఐతే ఇంకా తిప్పేదాన్నమ్మా," అన్నాను.

సాయంత్రానికి నిమిషానికి ఐదున్నర లీటర్లు. ఒంటికి కావలసింది ఐదే. నాలుగు రోజులు ఇలాగే నిలకడగా ఉంటే పెట్టేయొచ్చన్నారు సుభద్ర గారు. అచ్చియ్యమ్మకు చెప్పాను. మంచంలో లేచి కూర్చుని చేపల పులుసు అడిగి తింది.

యాభై రెండో రోజు

నాలుగు పాయింట్ నాలుగు లీటర్లు.

యాభై మూడో రోజు

మూడు పాయింట్ ఏడు. గుండె కింది కొన పాలిపోయింది. వేగం నూట అరవైకి పెంచాను. గంటసేపు నాలుగయింది, తర్వాత మూడున్నరకు పడింది.

చెల్లెలికి తొమ్మిది పాయింట్ రెండు. "రేవుకాడ నా పడవ ఎవులు నడుపుతన్నారు?" అని అడిగింది. చెబితే విని కళ్ళు మూసుకుంది.

యాభై నాలుగో రోజు

పొద్దున్న సుభద్ర గారు, నేను గొడవపడ్డాం. ఎడమ తలుపు సరిగా మూసుకోక రక్తం వెనక్కి చిమ్ముతోందని ఆవిడ అనుమానం. కోసి రెక్కను సరిచేయాలన్నారు. కోస్తే చచ్చిపోతుందని నేనన్నాను. ముందు చూద్దామని సన్నటి కెమెరా లోపలికి పంపాం.

జీవితంలో అలాంటిది చూడలేదు. రెండు తెల్లటి రెక్కలు, ఉల్లిపాయ లోపలి పొరంత పల్చన. వాటి అంచులనుంచి పదుల కొద్దీ సన్నటి తాళ్ళు కిందికి దిగి, గది అడుగున వేళ్ళలా లేచిన కండలకు కట్టి ఉన్నాయి. గది పిండుకుంటుంటే రెక్కలు ఎగిరి మూసుకున్నాయి. వెనక్కి తిరగబడతాయేమో అనుకునే సరికి కింది కండలు తాళ్ళను బిగబట్టాయి. రెక్క ఆగిపోయింది. ఒక్క చుక్క కూడా వెనక్కి పోలేదు. గాలికి గొడుగు తిరగబడకుండా లోపలినుంచి ఎవరో పట్టుకుని లాగినట్టుంది. నిమిషానికి నూట అరవైసార్లు నేను పరిగెత్తిస్తుంటే, పాలిపోతూ, నీరసపడుతూ కూడా ఆ పట్టు మాత్రం వదలడం లేదు.

"తలుపు బాగానే ఉంది," అన్నారు సుభద్ర గారు మెల్లగా. "మరి ఏం జరుగుతోంది దీనికి?"

సమాధానం మధ్యాహ్నం దొరికింది. అది నాకు చెంపదెబ్బ.

గుండె తన కండకు కావలసిన రక్తాన్ని తన గదుల్లోంచి తీసుకోదు. మహాధమని మొదట్లోనే, తలుపుకు కాస్త పైన, రెండు చిన్న ధమనులు పుట్టి గుండె వెలుపలంతా అల్లుకుంటాయి. దాని తిండి వాటిలోంచే వస్తుంది. ఆ ధమనులకు ఒక మీటరు పెట్టి ఉంచాను. రోజు మొత్తానికి సగటు తప్ప వివరంగా ఎప్పుడూ చూడలేదు. ఈ రోజు ఒక్కొక్క దెబ్బనూ విడదీసి గీత గీయించాను. ఎడమ గది పిండేటప్పుడు గీత నేలకు పడిపోతోంది. పిండడం ఆగి కండ సడలినప్పుడు లేస్తోంది.

మీటరు చెడిందనుకున్నాను. మార్చాను. అదే గీత.

పిండుకునే కండ తనలోని సన్న నాళాలను తానే నొక్కేసుకుంటుంది. పని చేస్తున్నంతసేపూ దానికి తిండి లేదు. ఒళ్ళంతటికీ పంచిపెట్టి, చెయ్యి ఖాళీ అయ్యాక, రెండు దెబ్బల మధ్య ఉన్న ఆ కాస్త విరామంలో తాను తింటుంది. వేగం పెంచితే ముందు తెగేది ఆ విరామమే. ఐదు రోజులుగా దాని నోటి ముందునుంచి విస్తరి లాగేసింది నేనే.

సుభద్ర గారికి గీత చూపించి చెప్పాను.

"ఇది నా పాఠంలో ఉంది," అన్నారు ఆవిడ. "ముప్పై ఏళ్ళ క్రితం చదివాను. గుండె ఉన్న మనిషి ఒక్కడూ కనపడక మర్చిపోయాను. తప్పు నీ ఒక్కదానిదే కాదు."

"ఇప్పుడేటి సేద్దారమ్మా?"

"తీగ తీసెయ్. దాన్ని దాని మానాన వదిలెయ్."

తీగ పీకాను. గుండె నూట అరవైనుంచి పడి, ఒక్క క్షణం పూర్తిగా ఆగింది. పైమూల అదిరింది. తొంభై ఆరు దగ్గర నిలబడింది. ఒంటి తొట్టిని మళ్ళీ కిందికి దించాను. తర్వాత తొట్టె పక్కన నేల మీద కూర్చుని చెంపలు వేసుకున్నాను. సుభద్ర గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు, నేను చూడకూడదని కాబోలు.

యాభై ఆరో రోజు

మూడు పాయింట్ తొమ్మిది. కొన ఇంకా తెల్లగానే ఉంది, కానీ అంచున చిన్న గులాబీ గీత. చెల్లెలికి పది వాట్లు.

యాభై ఏడో రోజు

నాలుగు పాయింట్ నాలుగు. గీత వెడల్పయింది. ఏమీ చేయకుండా కూర్చుని చూడటం ఇంత కష్టమని నాకు తెలియదు.

యాభై ఎనిమిదో రోజు

పొద్దున్న ఎనిమిదింటికి చెల్లెలి మీటరు పదకొండు దాటి మోగింది. పెదవులు నల్లబడ్డాయి. మోసుకెళ్ళి ఆసుపత్రిలో పడుకోబెట్టాం.

గుండె నాలుగు పాయింట్ ఏడు దగ్గర ఉంది. ఐదుకు రాకపోతే పెట్టకూడదని ముందే అనుకున్నాం. సుభద్ర గారు నన్ను పక్కకు పిలిచారు. "నాకు కుట్టడం వచ్చు. ఇది మోయగలదో లేదో నాకన్నా నీకే తెలుసు. చెప్పు."

"మోస్తాది," అన్నాను. "రోజూ పెరుగుతోందమ్మా. ఇంత దెబ్బ తిని కూడా పెరుగుతోంది."

అచ్చియ్యమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అప్పా, అది నా దగ్గరికొచ్చినాక కూడా నువ్వు దాని మీద కోప్పడకు," అంది. నేను తీగ పెట్టిన సంగతి ఎవరు చెప్పారో తెలియదు. మత్తు ఇచ్చారు.

ఛాతీ తెరిచి, రక్తాన్ని బయటి యంత్రానికి మళ్ళించాక, సుభద్ర గారు నా వైపు చూశారు. చెల్లెలి తిరగళ్ళు ఆపాల్సింది నేను. ఇరవై ఆరేళ్ళుగా అవి ఆగకుండా చూడటమే నా బతుకు. వేళ్ళతో మీట నొక్కాను. రొద సన్నబడి, సన్నబడి, పోయింది. గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమకు తెలియకుండానే సొంత ఛాతీ తడుముకున్నారు.

తిరగళ్ళు బయటికి తీశారు. ఎడమదాని గొంతులో బొటనవేలంత నల్లటి గడ్డ.

కుట్టడం మూడు గంటలు పట్టింది. ఎడమ పైగది. కుడి పైగదికి వచ్చే సిరలు. ఊపిరితిత్తుల ధమని. మహాధమని. చల్లార్చి ఉంచిన గుండె ఆమె ఛాతీలో కదలకుండా పడి ఉంది. ఆఖరి బిగింపు తీసేశారు. చెల్లెలి సొంత రక్తం మొదటిసారి ఆ చిన్న ధమనుల్లోకి పాకింది. పాలిపోయిన కండ కొన దాకా ఎర్రబడటం కళ్ళారా చూశాను.

అయినా కదల్లేదు.

గోడ గడియారంలో ముప్పై సెకన్లు. నలభై. సుభద్ర గారి చెయ్యి విద్యుత్ పలకల వైపు వెళ్ళింది. "ఆగండమ్మా," అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. యాభై.

కుడి పైమూల అదిరింది.

పైగదులు ముడుచుకున్నాయి. ఆ చిన్న ఆగడం. కింది గదులు మెలితిరిగి పిండాయి. చెల్లెలి మెడ పక్కన చర్మం ఎగిరిపడింది. ఒక మనిషి మెడలో అలా ఎగరడం అక్కడున్న ఏడుగురిలో ఎవరం ఎప్పుడూ చూడలేదు. నర్సు ఒకావిడ అప్రయత్నంగా రెండు చేతులూ జోడించింది.

నిమిషానికి తొంభై. నూటొకటి. తొంభై ఏడు. నాలుగు పాయింట్ ఎనిమిది లీటర్లు.

అరవయ్యో రోజు

అచ్చియ్యమ్మ కళ్ళు తెరిచింది. పెదవులు గోరింటాకు పెట్టినట్టున్నాయి. మొదట అన్న మాట, "ఏటిది?"

"నీ గుండె."

"ఆపవా కాసేపు? నిద్దరట్టనేదు."

నేను నవ్వి ఏడ్చాను. ఆపడం నా చేతిలో లేదని చెప్పాను. కాసేపు వింది. "అయితే ఉండనీ," అని అటు తిరిగి పడుకుంది.

అరవై నాలుగో రోజు

మధ్యాహ్నం "అప్పా" అని పెద్ద కేక. పరుగెత్తాను. చెల్లెలు రెండు చేతులతో ఛాతీ పట్టుకుని వణుకుతోంది. నూట ఇరవై ఎనిమిది కొట్టుకుంటోంది. సుభద్ర గారు వచ్చి ఏం జరిగిందని అడిగారు.

"కిటికీలోంచి కాకి రివ్వున లోపలికొచ్చింది. ఉలిక్కిపడినాను. అది ఎలిపోయినాక, అప్పుడు ఇది పరిగెట్టడం మొదలెట్టింది."

కోసి కుట్టిన గుండెకు నరాలు తగల్లేదు కనుక, భయం వేసిందని దానికి ఎవరూ కబురు చెప్పరట. రక్తంలోనే ఒక పదార్థం కలిసి, తిరిగి తిరిగి దాన్ని చేరితే అప్పుడు తెలుస్తుందట. అందుకే కాస్త ఆలస్యం. "ఏళ్ళు గడిస్తే నరాలు కొన్ని మళ్ళీ అల్లుకుంటాయి," అన్నారు సుభద్ర గారు.

"అంటే ఇప్పుడు నా రకతమే దానికి సెప్పి వస్తాది," అంది చెల్లెలు.

"అవును."

వేగం దానంతటదే తగ్గుతూ వచ్చింది. నూట పది. నూట రెండు. సుభద్ర గారూ నేనూ చెల్లెలి మణికట్టు మీద చెరో వేలూ పెట్టి లెక్కపెడుతూ కూర్చున్నాం.

తొంభై ఒకటో రోజు

చెల్లెలు ఇంటికి వచ్చి వారం. మా వాకిట్లో జనం. సంగతి తెలిసి ఊరంతా ఒకరి వెనక ఒకరు వస్తున్నారు, ఒక్కసారి విని పోతామని. మొదట నేను పంపించెయ్యబోయాను. చెల్లెలే వద్దంది. నులకమంచం మీద కూర్చుని, పైట సర్దుకుని, వచ్చినవాళ్ళ చెవిని తన ఛాతీకి ఆనించుకుంటోంది. కొందరు వెంటనే వెనక్కి తగ్గారు. కొందరు లేవలేదు. పక్కవీధి అప్పలకొండ విని, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, తనలోని రొదను మొదటిసారి విన్నట్టు అలాగే నిలబడిపోయింది.

సుభద్ర గారు మూలన స్టూలు మీద కూర్చుని చర్మం ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారు. పదకొండు పేర్లయ్యాయి. వాళ్ళందరి గొట్టాల చట్రాలూ నేనే కట్టాలి.

పడవలు చెక్కే లచ్చన్న తాతను మనవరాలు నడిపించుకొచ్చింది. తొంభై దాటాయి. చెవులు సరిగా వినపడవు. అందుకని చెవికి బదులు అరచెయ్యి ఆనించాడు. కర్రలు చెక్కి చెక్కి కాయలు కాసిన చెయ్యి. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు.

"ఇదేటే అచ్చీ," అన్నాడు. "ఎవులో తలుపు కొడతన్నట్టున్నాది."

"అవును తాతా."

"తియ్యమంటావేటి?"

చెల్లెలు తాత చెయ్యి మీద తన చెయ్యి వేసింది. "తియ్యక్కర్లేదు తాతా. ఇల్లు దానిదే."

తాత తలూపాడు. మనవరాలి భుజం పట్టుకుని మెల్లగా లేచాడు. చెల్లెలు వాకిలి వైపు చూసి, "తరవాతోళ్ళు ఎవులు? రండి," అంది.